గిర్ని మీద ఆఖరి మనిషి

తాండూరు,
ఆగస్టు చివర.

మా కోడలు పిల్ల బిందుకు,

యోహాను మామ దీవెనలు. నీ లావుపాటి కవరు అందింది. పోస్ట్‌మన్ చేతికిస్తూ ఏదో అడిగాడు. పెదవులు చూస్తే "పెండ్లి కార్డులా?" అన్నట్టుంది. "కాదు, లోకం మునిగిపోయింది" అన్నాను. తలూపి బండెక్కి పోయాడు. చెవిటివాడుగా ఉండటంలో ఉన్న సుఖమిదే. మనమేం చెప్పినా అవతలివాళ్లు తలూపి పోతారు.

ముందు నీ సంగతి. పరిగిలో వకీలు గారి దగ్గర టైపు పని మానేశావు. వికారాబాద్‌లో పిండిగిర్ని పైన గది తీసుకున్నావు. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పాతిపెట్టి నవల రాస్తున్నావు. మర్పల్లిలో ఉన్న మీ అమ్మానాయనలకు ఫోన్ చెడిపోయిందని కబురు పెట్టావు. నాకు మాత్రం నిజం రాశావు. నా మీద ప్రేమ అనుకుని కాసేపు ఉబ్బిపోయాను, తరువాత కారణం తట్టింది. బండలు పాలిష్ చేసే మిషన్ పక్కన బతుకంతా నిలబడ్డ చెవులు నావి. ఫోన్‌లో నేను నిన్ను పట్టుకుని "ఇంటికి రా బిడ్డా" అంటాననే భయం నీకు లేదు. నీకు ఫోన్ లేదు, నాకు చెవి లేదు, మనిద్దరికీ ఉత్తరమే దిక్కు.

ఇక నవల. మొదటి అధ్యాయంలో ఒక జ్వరం వచ్చి లోకం ఖాళీ అయిపోతుంది. వికారాబాద్‌లో నీలాగే గిర్ని మీది గదిలో ఉండే నిరోషా అనే పిల్ల ఒక్కతి మిగులుతుంది. స్టేషన్‌లో రైలు ఆగి ఉంటుంది, దాంట్లోంచి ఎవరూ దిగరు. ఆ రైలు దగ్గర అన్నం పళ్లెం పక్కకు జరిపి మళ్లీ ఒకసారి చదివాను. చదువు లేనివాడి మెప్పు కనుక చిల్లర కింద లెక్కేసుకో, కానీ తీసుకో.

అయితే నాలుగో రోజుకే ఆ పిల్ల అద్దంలో చూసుకుంటూ వికటంగా నవ్వడం, జుట్టు పీక్కోవడం. ఇంత తొందరా? పిచ్చి అట్లా బాజాలతో రాదు బిడ్డా. నా సంగతి చెబుతాను, అసలు విషయానికి మళ్లీ వస్తాను, రాకపోతే నువ్వే వెనక్కి లాగు.

నాకు పెండ్లయిన కొత్తలో ఒక వానాకాలం నాపరాళ్ల గని మూతపడింది. కాపలాకు నన్నొక్కణ్ణే ఉంచారు. వాన, బురద, రేకుల షెడ్డు, నేను. నేను నవ్వలేదు, అరవలేదు. బుద్ధిగా బండల కుప్పలకు పేర్లు పెట్టుకున్నాను. ఒకటి మా అమ్మ. ఒకటి మా పాస్టరు గారు. మూడోది మా బావ, అంటే మీ నాయన. నా పెండ్లి విందులో కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అన్న మాట మీద ఆ కుప్పతో వాదన పెట్టుకున్నాను. రోజూ అదే వాదన. ఆఖరికి నేనే ఓడిపోయాను. బండ మాట్లాడకుండానే గెలిచింది చూడు, అది నాకు బాగా మండింది. ఓనరు వచ్చి ఆ కుప్ప మీద కాలు పెట్టి నిలబడితే "మా బావ మీద కాలు పెట్టకండి" అన్నాను. ఆయన నన్ను మర్యాదగా జీపులో ఇంటికి పంపించాడు. ఆ పై ఆరు నెలలు మీ నాయనతో నేను మాట్లాడలేదు. కారణం ఆయనకు ఇప్పటికీ తెలియదు. చెప్పకు.

అందుకని అంటున్నాను. ఒంటరి మనిషికి దయ్యాలు కనబడవు, ఉప్పు తక్కువైన సంగతులు కనబడతాయి. ఆ అద్దం తీసెయ్.

రాతప్రతి ఎవరికీ చూపించవద్దన్నావు. చూపించను. మీ అత్త శాంతవ్వకు మాత్రం పొద్దుగూకే వేళ మెల్లగా చదివి వినిపిస్తాను. ఆమెకు అక్షరాలు రావు, ఎవరికీ చూపించే ప్రమాదం లేదు.

ఇట్లు,
మీ యోహాను మామ


వికారాబాద్,
సెప్టెంబరు.

మామకు బిందు వందనాలు.

బండల కుప్ప దగ్గర నవ్వాను. పైకే నవ్వాను. ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాను. గదిలో మనిషి గొంతు వినబడి చాలా రోజులైంది కదా.

అద్దం తీసేశాను. కానీ పిచ్చి తీసేయడానికి లేదు మామా. హైదరాబాద్‌లో పుస్తకాలు వేసే ప్రేమ్‌సాగర్ గారని ఒకాయన ఉన్నారు. మొదటి భాగం ఆయనకు నచ్చింది. సంవత్సరం తిరిగేలోపు ఆఖరి అధ్యాయం చేతికిస్తే అచ్చు వేస్తానని మాటిచ్చారు. షరతు ఒక్కటే. "లోకం అంతమయ్యే కథల్లో ఒంటరితనం పిచ్చిలోకే పోవాలమ్మా, పాఠకుడు కొనుక్కునేది దాన్నే" అన్నారు. ఇంతవరకు నా పేరు మీద అచ్చయిన కాగితం పదో తరగతి మెమో ఒక్కటే. కాబట్టి షరతుకు ఒప్పుకున్నాను.

ముగింపు కూడా అనుకున్నాను. నిరోషా తలుపుకు లోపలి వైపు నుంచి నాపరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వస్తుంది. బయట ఏమీ లేదు, ఉన్నదంతా ఈ గదే అని నిశ్చయించుకుంటుంది. ఆఖరి రాయి పెట్టడంతో నవల అయిపోతుంది. నీకు ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. మామూలు తలుపుకు ఎంత మందం బండలు కావాలి, ఆడపిల్ల ఒక్కతే ఎత్తగలిగేవి ఏవి, ఇవి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయి? వివరంగా రాయి.

రెండో అధ్యాయం, మూడో అధ్యాయం దీంతో పంపుతున్నాను. గిర్ని చప్పుడు మాత్రం నా ప్రాణం తీస్తోంది. నవలలో ఊరంతా నిశ్శబ్దం, కింద మిరపకాయల మోత. నిరోషా నిశ్శబ్దానికి భయపడే పేజీలన్నీ నేను చెవుల్లో దూది పెట్టుకుని తుమ్ముకుంటూ రాశాను.

అన్నం తింటున్నాను. నువ్వు అడగకముందే చెబుతున్నాను.

బిందు


తాండూరు,
అక్టోబరు మొదట్లో.

బిడ్డా,

ఒక మాట ముందుగా. నీకిచ్చిన మాట నేను తప్పలేదు. నీ రాత ఎవరికీ చూపించలేదు. అయితే ఒక చిన్న పొరపాటు జరిగింది.

మొన్న మూడో అధ్యాయం చదువుతూ మధ్యలో ఆపి మందు వేసుకోవడానికి లేచాను. గోడ మీద ఒక తల కనబడింది. పక్కింటి నాగరాణి. గొర్రెలు, మేకలు ఉన్న ఇల్లు వాళ్లది. ఆమె నోరు ఆడుతోంది. శాంతవ్వ నా కుడిచెవిలో నోరు పెట్టి అరిచింది. ఆ చెవిలో ఇంకా కొంచెం దమ్ముంది.

"ఆపినవేంది మామా, తర్వాత ఏమైంది అంటుంది."

"దేని తర్వాత?"

"నిరోషా తర్వాత. రోజు ఇంటుండ్రు అందరు."

లేచి వాకిట్లోకి పోయి చూశాను. మా అరుగు కింద, ఎదురింటి మెట్ల మీద, ఆటో వెనక సీట్లో, గల్లీలో సగం ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను మెల్లగా చదువుతున్నానని అనుకుంటున్నాను బిడ్డా. నాకు వినబడేంత మెల్లగా చదువుతున్నాను. అది గల్లీ చివర కిరాణం దాకా పోతోందట.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అని శాంతవ్వను అడిగాను.

"ఇంటే ఏమాయె. నీ అరుపులు దినాం ఇంటనే ఉన్నరు, గీ పారి జర మంచియి ఇంటుండ్రు" అంది.

ఇక దాచి లాభం లేదని చదువు కొనసాగించాను. అధ్యాయం అయిపోగానే పంచాయతీ మొదలైంది. నాగరాణి అభిప్రాయం ఇది. "ఒక్కతే ఉన్న పిల్లకు ఒక మ్యాకనన్న ఇయ్యరాదా రాసేటోళ్లు? పాలిస్తది. మాట్లాడితే ఇంటది, తిడితే గూడ ఇంటది." మా చర్చి సంఘంలో పెద్దామె ఇంద్రమ్మ ఒప్పుకోలేదు. "మ్యాకేం జేస్తదే. ఒక ఆడమనిషి పోయి పక్కన కూసోవాలె. గంతే." నేను ఇద్దరి మాటా నీకు చేరవేస్తున్నాను. మేక సంగతి ఆలోచించు. మేక ఉన్న నవల చెడిపోదు.

ఇప్పుడు నేను మాత్రమే అడిగేది. మూడో అధ్యాయంలో నిరోషా నీళ్లు చల్లిన అటుకులు తప్ప ఏమీ తినదు. పొయ్యి వెలిగించడానికి బద్ధకం కాదు, వెలిగిస్తే ఎవరికోసం అనిపిస్తుంది. ఎదురుగా ఇంకో పళ్లెం పెట్టుకుంటుంది. దానికి మూత కూడా పెడుతుంది, ఈగలు వాలకుండా. ఖాళీ పళ్లానికి మూత. అక్కడ చదవడం ఆపి కళ్లద్దాలు తుడుచుకున్నాను. శాంతవ్వ చూడలేదనుకుంటాను, కానీ ఆమె చూడనిదేమీ ఉండదు.

ఆ అద్దంలో నవ్వు ఎక్కడో చదివి రాసినట్టుంది బిందూ. ఈ మూత పెట్టిన పళ్లెం చదివి రాసింది కాదు. దాన్ని ఎక్కడ చూశావు?

జవాబు రాయి. అటుకుల సంగతి కూడా.

మామ


వికారాబాద్,
అక్టోబరు.

మామా,

గల్లీ అంతా విన్నా ఫరవాలేదు. వాళ్లకు మేక ఇవ్వలేనని చెప్పు. మేక ఉంటే నిరోషా తలుపు తీయాల్సి వస్తుంది, మేతకు.

నాలుగో అధ్యాయం పంపుతున్నాను. అందులో ఆమె తన పేరు పైకి అని చూస్తుంది, గొంతు రాదు. ఇది బాగా కుదిరిందనుకుంటున్నాను. మొన్న నేను పరీక్షించి చూశాను. నిజంగానే మొదటిసారి రాలేదు. వెంటనే రాసుకున్నాను.

సరుకులు కింద గిర్ని యాదగిరి మెట్ల మీద పెట్టిపోతాడు. చీటీ పెడతాను, సరుకు వస్తుంది. మనుషులు కనబడాల్సిన పని లేదు. బాగా వీలుగా ఉంది.

ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. నువ్వు బండల సంగతి రాయనేలేదు. అది తేలేదాకా తలుపు తీయదలచుకోలేదు. నువ్వు రాకు మామా. వస్తే తీయను. రానని మాట ఇచ్చాననుకుని ఉండు.

పళ్లెం గురించి అడిగావు. అది నిరోషాది.

బిం.


తాండూరు,
నవంబరు.

బిందుకు,

పేరు కూడా సగమే రాశావు. మిగతా సగం ఆ పళ్లెం మూత కింద పెట్టావా?

బండల సంగతి అడిగావు. చెప్పను. ఆ తలుపుకు సరిపడే బండ తాండూరులో ఇంకా తీయలేదు. నల్లది లేదు, నీలిది లేదు, పసుపుది అసలే లేదు. నువ్వు ఇంకెవరినైనా అడిగినా ఇదే చెప్పమని ఈ ఊళ్లో బండల పని వచ్చిన ప్రతివాడికీ చెప్పి పెట్టాను.

నవల గురించి ఒక్క మాట. లోకం అంతమైన కథలు నేనూ లైబ్రరీలో కొన్ని తిరగేశాను. అన్నిట్లోనూ మనుషులంతా పోయాక ఒకడు మిగులుతాడు, వాడికి మతి చెడుతుంది. నేను కాదనను. ముందు మనుషులు పోతారు, తరువాత మతి పోతుంది, అది వరస. నువ్వు వరస మార్చావు. నిరోషాను ఒంటరిని చేయడానికి నువ్వు లోకాన్నంతా చంపాల్సి వచ్చింది. నువ్వు ఒంటరి కావడానికి ఎవరూ చావలేదే. యాదగిరి కింద మిరపకాయలు పడుతూనే ఉన్నాడు. మీ అమ్మ మర్పల్లిలో పత్తి ఏరుతూనే ఉంది. నేను ఇక్కడ గొంతు చించుకుంటూనే ఉన్నాను. నాకు భయంగా ఉంది బిడ్డా. నిరోషా ఆఖరి రాయి పెట్టిన రోజు నువ్వు ఆ తలుపుకు ఏ వైపు ఉంటావోనని.

రానని మాట ఇచ్చినట్టే అన్నావు కనుక రాను. కానీ ఇక్కడ ఒకటి జరిగింది, చెప్పకుండా ఉండలేను.

మా సంఘంలో బుధవారం స్త్రీల ప్రార్థన కూటం ఉంటుంది. ఎవరికి ఏ కష్టముందో లేచి చెబుతారు, అందరూ ప్రార్థిస్తారు. కోడలి కాన్పు, మోకాళ్ల నొప్పి, తప్పిపోయిన బర్రె, ఇట్లాంటివి. మొన్న ఇంద్రమ్మ లేచి, "వికారాబాద్‌ల గిర్ని మీద గదిల నిరోషా అని ఒక పిల్ల ఒక్కతే ఉంటుంది, అటుకులు దిని బతుకుతుంది, ఆమె కోసం" అందట. అందరూ కళ్లు మూసుకున్నారు. ఒకరిద్దరు ఏడ్చారు కూడా.

నేను పరుగెత్తాను. "ఇంద్రమ్మా, నిరోషా లేదు, అది కథ" అన్నాను.

"కతనైతే అటుకులెందుకు దింటది? కతల ఏదన్న దినొచ్చు గద" అంది.

తరువాత కూపీ లాగితే తెలిసింది. గల్లీ వాళ్లెవరూ మొదటి అధ్యాయం వినలేదు. అప్పుడు వానలు, నేను తలుపులు వేసుకుని చదివాను. రెండో అధ్యాయం నుంచే వాళ్లు చేరారు. లోకం అంతమైన సంగతి వాళ్లకు తెలియదు బిందూ. ఊరినిండా మనుషులుండగా నిరోషాను ఒక్కరూ పలకరించట్లేదని వాళ్ల బాధ. వికారాబాద్ మీద అందరికీ చెడ్డ కోపంగా ఉంది. "గంత పెద్ద ఊరు, ఒక్క ఆడది తలుపు గొట్టదా? ఏం ఊరది" అని నాగరాణి ఊగిపోతోంది.

ఇక మా సంఘంలో ఒక అలవాటుంది. కూటంలో ఎవరి కోసం ప్రార్థించారో, వాళ్లను పోయి చూసి రావాలి. చెప్పకుండా పోవాలి, ఖాళీ చేతులతో పోకూడదు. ప్రార్థన చేసి ఇంట్లో కూర్చుంటే అది సగం పనే అంటారు. వచ్చే వారం ధారూర్‌లో మన క్రైస్తవ జాతర. గుడారాలు, గిన్నెలు, చాపలు అన్నీ కట్టుకుంటున్నారు. ధారూర్‌లో దిగాల్సినవాళ్లు కొందరు దిగకుండా అదే రైల్లో వికారాబాద్ దాకా పోదామని మాట్లాడుకుంటున్నారు. నాగరాణి సంఘం మనిషి కాదు, అయినా వస్తానంటోంది. ఆపడానికి నేను మళ్లీ ప్రయత్నించాను, వాళ్లు తలూపి వెళ్లిపోయారు. చెవిటివాడికి ఆ సుఖం ఉందన్నాను చూడు, తప్పు.

శాంతవ్వ మాత్రం ఏమీ అనలేదు. ఇంత కాపురంలో నేను భయపడింది ఆమె ఏమీ అననప్పుడే.

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, వాళ్లు ముందు చేరుతారో తెలియదు. పోస్టు చేయమని మీ అత్తకు ఇస్తున్నాను.

యోహాను మామ


ధారూర్, జాతరలో,
నవంబరు.

మామకు,

నీ మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. కుదరడం లేదు. నా ఒళ్లో ఎవరిదో పసిపిల్ల పడుకుని ఉంది, ఎవరిదో అడిగితే తెలియదన్నారు. ఒక్క చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పిల్లను అను.

ముందు నీ ఉత్తరం సంగతి. అది పోస్టులో రాలేదు. అత్త సంచిలో, ఉల్లిగడ్డల కింద వచ్చింది. "నేనే పోతుంటి గద, మల్ల డబ్బల ఎందుకేసుడు" అంది.

ఇప్పుడు వరసగా చెబుతాను. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది, గిర్ని ఆగింది. ఇన్నాళ్లకు నిజమైన నిశ్శబ్దం దొరికిందని ఆఖరి అధ్యాయానికి కూర్చున్నాను. నువ్వు బండలు ఇవ్వలేదు కాబట్టి, ఎలా ఉంటుందో చూద్దామని ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, కుర్చీ, రోలు తలుపుకు అడ్డంగా పేర్చుకున్నాను. నిజం చెప్పనా, పేర్చాక నాకు హాయిగా అనిపించింది. దాని ఎదురుగా రెండు పళ్లాలు పెట్టుకున్నాను. అవును, ఆ పళ్లెం నాదే. మూత కూడా.

అప్పుడు తలుపు చప్పుడైంది.

"నిరోషా, ఓ నిరోషా. తలుపు తీ బిడ్డా."

మామా, నేను భయపడలేదు. వచ్చేసింది, అనుకున్నాను. ప్రేమ్‌సాగర్ గారు చెప్పినట్టే, టైముకే వచ్చింది పిచ్చి. నా సొంత కథలో మనిషి పేరుతో నన్ను పిలుస్తున్నారు. కలం తీసి రాసుకున్నాను కూడా. "గొంతు ఆడది. కొంచెం జలుబు చేసినట్టుంది." ఆ కాగితం ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది.

"ఎవరు?" అన్నాను. రెండోసారికి వచ్చింది గొంతు.

"తాండూర్ నుంచి వచ్చినం. నీ కోసం పార్తన జేసినం."

"నిరోషా లేదు."

"లేకుంటే మాట్లాడేదెవరు మరి?"

"ఆమె కథలో మనిషి. నేను రాసిన కథ."

బయట గుసగుసలు. గుసగుసలని వాళ్లు అనుకున్నారు, నాకు అన్నీ వినబడ్డాయి. "కతల మనిషినంటుందే." "కడుపుల ఏం లేకుంటే గట్లనే అంటరు. మా మరిదికి టైఫాయిడొస్తే గిట్లనే అన్నడు." "ఇంద్రవ్వా, గా టిఫిన్ మూత తీసి తలుపు కిందికి పెట్టు. వాసనన్న పోనీ."

వాసన వచ్చింది మామా. నాటుకోడి కూర. తలుపు సందులోంచి, ట్రంకు పెట్టె మీదుగా. నేను రాసిన ఏ పేజీలోనూ వాసన లేదని అప్పుడు తెలిసింది.

"బిడ్డా," అంది ఆ జలుబు గొంతు. అది ఇంద్రమ్మ. "కత సంగతి నాకు తెల్వది. ఉన్నవా లేవా, ఒక్క మాట జెప్పు. మోకాళ్లు గుంజుతున్నయ్. లేవంటే దిగిపోతం."

లేను అంటే నవల అయిపోతుంది. ప్రేమ్‌సాగర్ గారికి కావాల్సిన ముగింపు అదే, చేతిలోనే ఉంది. వాళ్లు మెట్లు దిగిపోతారు, నేను ఆఖరి వాక్యం రాసుకుంటాను. ఒకామె అప్పుడే దిగడం మొదలుపెట్టింది, కాళ్ల కడియాల చప్పుడు రెండు మెట్ల కింద వినబడింది.

"ఉన్న" అన్నాను. "ఉన్న, ఉండుండ్రి, పోకుండ్రి." రోలు నా కాలి మీద పడింది. కుర్చీ విరిగింది. బియ్యం డబ్బా బోర్లపడి గదంతా బియ్యం, మధ్యలో నా ఫోన్. పేర్చినంత సులువు కాదు మామా తీయడం. బయట నాగరాణి, "జరుగుండ్రి, నేను నూకుత" అని భుజంతో ఒక్క తోపు తోసింది. తలుపు తెరుచుకుంది.

అయిదుగురు ఆడవాళ్లు, చేతుల్లో గిన్నెలు. ఇంద్రమ్మ నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "మస్తు చిక్కినవ్ నిరోషా" అంది.

"అవును" అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

వాళ్ల వెనక, మెట్ల మీద, సంచి ఒళ్లో పెట్టుకుని అత్త కూర్చుని ఉంది. కడియాలు ఆమెవే. నన్ను చూసింది. ఎవరో కొత్త పిల్లను చూసినట్టు చూసి, "నిరోషా, చెప్పులేస్కో. రైలుకు టైమయితుంది" అంది. మూతికి మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియదు.

కూర ఆ బియ్యంలోనే కూర్చుని తిన్నాం. రెండో పళ్లెంలో నాగరాణి తిన్నది. మూత పక్కకు తీసి, "దీంట్ల ఏం లేకపాయె" అని ఆమే వడ్డించుకుంది. యాదగిరి కింద నుంచి వచ్చి, "ఇన్నొద్దులు మీద ఒక ముసలామె ఉంటదనుకున్న, చీటీల రాత జూసి" అన్నాడు.

ఇక్కడ గుడారంలో నన్ను ఒక్క క్షణం ఒంటరిగా ఉండనివ్వడం లేదు. అందరూ నిరోషా అనే పిలుస్తున్నారు. బియ్యం కడుగు నిరోషా, పిల్లను పట్టు నిరోషా. నాలుగు గుడారాల అవతలి వాళ్లు కూడా వచ్చి, "ఆమెనేనా?" అని చూసి పోతున్నారు. నేను తిన్నానా అని అడిగినవాళ్లందరికీ తిన్నానని చెప్పినా మళ్లీ పెడుతున్నారు. అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పాను. తిట్టింది. చాలాసేపు తిట్టింది, హాయిగా ఉంది. రేపు నాయనతో కలిసి ఇక్కడికే వస్తోంది.

ఆఖరి అధ్యాయం గిన్నెల గంప మీద కూర్చుని, నాలుగు వైపుల నుంచి పాటలు వస్తుండగా రాసేశాను. నిరోషా రాళ్లు పేరుస్తుంది. చివరి రాయి చేతిలో ఉండగా తలుపు చప్పుడవుతుంది. ఉన్నవా అని అడుగుతారు. "ఉన్న" అంటుంది. అక్కడితో అయిపోయింది. ప్రేమ్‌సాగర్ గారికి ఇక్కడి నుంచే పంపాను. ఆయన వేయనంటే వేయకపోనీ. ఆ రాయి మాత్రం పెట్టించను.

పిల్ల లేచింది. ఎవరిదో కనుక్కోవాలి.

నీ కోడలు,
బిందు


తాండూరు,
డిసెంబరు.

బిందుకు,

పూర్తి పేరుతో సంతకం చేసిన నీ ఉత్తరాన్ని శాంతవ్వ కొంగున కట్టుకుని తిరుగుతోంది. అక్షరాలు రాకపోయినా సంతకం ఎక్కడుందో చూపించమంది, చూపించాను. దాని మీద వేలు పెట్టి తడిమి, "పెద్దగ రాసింది" అంది.

జాతర ఆఖరి రోజు నేనూ వచ్చాను కదా, అక్కడ మీ నాయన నన్ను చూసి గుడారం బయటే నిలబెట్టి, "నువ్వొకప్పుడు ఆరు నెలలు నాతోని మాట్లాడనిది ఉప్పు కోసమేనా?" అని అడిగాడు. అంటే నువ్వు చెప్పేశావన్నమాట. ఇద్దరం ఉప్పు గురించి మళ్లీ మొదటి నుంచి వాదించుకున్నాం. మనిషితో వాదిస్తే గెలవకపోయినా టీ దొరుకుతుంది.

మొన్నటి ఉత్తరంలో, మళ్లీ వికారాబాద్ గదికి చేరి పొద్దున్నే కిందికి దిగి గిర్ని దగ్గర వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెడుతున్నావనీ, రెండో నవల సంగతి యాదగిరికి నోటితో చెబుతున్నావనీ రాశావు. మిరప ఘాటుకు తుమ్ములు మాత్రం తగ్గలేదట. తగ్గనక్కర్లేదు.

ఇక ప్రేమ్‌సాగర్ గారి జాబు నకలు పంపావు. ముగింపు ఆయన మూడుసార్లు చదివారట. ఒప్పుకోబుద్ధి అవుతోంది గాని ఒక్క ప్రశ్న అడ్డం పడుతోందట. "లోకమంతా చనిపోయాక ఆ తలుపు కొట్టింది ఎవరు? దీనికి వివరణ ఇస్తే అచ్చుకు పంపుతాను" అని అడిగారు. ఏం రాయమంటావు మామా అని నువ్వు నన్ను అడిగావు.

నాకు తోచలేదు. గల్లీలో పెట్టాను ఆ ప్రశ్న. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా అరుగు దగ్గర చేరారు. "లోకమంత సచ్చిపోవుడేంది?" అన్నారు. అప్పుడు ఇక లాభం లేదని, వాళ్లు వినని ఆ మొదటి అధ్యాయం తీసి చదివాను. ఈసారి కావాలనే పెద్దగా చదివాను. జ్వరం వచ్చింది. ఇండ్లు ఖాళీ అయ్యాయి. స్టేషన్‌లో రైలు ఆగింది, ఎవరూ దిగలేదు.

ముగించి తలెత్తాను. చిక్కుడుకాయలు ఒలిచే ఆమె చేతులు ఆగి ఉన్నాయి. ఇంద్రమ్మ ముందుకు జరిగి నా కుడిచెవి పట్టుకుంది.

"అంటే గా జరంల అందరు పోయిండ్రా?"

"అందరూ."

"తాండూర్ గూడనా?"

"తాండూరు కూడా."

"నేను?"

"నువ్వూ పోయావు ఇంద్రమ్మా. నేనూ పోయాను. నాగరాణి, దాని మేకలు, అందరం."

ఆమె నా చెవి వదిలి అందరి వైపు తిరిగింది. ఏమందో నాకు వినబడలేదు. అందరూ ఒక్కసారి నవ్వడం మాత్రం కనబడింది, నాగరాణి అయితే అరుగు మీద చెయ్యి వేసి కూలబడింది. శాంతవ్వను అడిగితే కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ప్రేమ్‌సాగర్ గారికి వివరణ కింద ఆ మాటే రాయి, ఒక్క అక్షరం మార్చకు.

"సచ్చినంక గూడ ఊకోలే సూడుండ్రి మనం. కోడికూర వండుకోని పోయినం."

నీ
యోహాను మామ